షెడ్డు మారితే పరిహారం హక్కు పోవాలా?

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఇనుప సామానుకు క్రోమియం పూత వేసే చిన్న షెడ్లున్నాయి. హిందూపురం, మడకశిర, కదిరి వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారికి అలాంటి చోట్ల పని సులువుగానే దొరుకుతుంది. తొట్టిలోని ఎర్రటి ద్రావణంలోకి కరెంటు వదలగానే బుడగలు లేస్తాయి, వాటితోపాటు సన్నని ఆమ్ల తుంపర. రోజూ దాన్ని పీల్చేవారికి ముందు ముక్కు ఎండిపోతుంది, తర్వాత లోపల పక్కు కడుతుంది, రక్తం కారుతుంది. చివరికి రెండు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడుతుంది. నొప్పి అంతగా ఉండదు కాబట్టి జలుబని సరిపెట్టుకుంటారు.

ఈ తుంపరలో ఉండే రకం క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. క్యాన్సర్ వస్తే యజమాని బీడీల మీదకు నెట్టవచ్చు. క్రోమియం తొట్టి దగ్గర పనిచేసే మనిషి ముక్కులో చిల్లు పడితే అలా తప్పించుకోవడం కష్టం. అయినా పరిహారం దక్కడం లేదంటే, చిక్కు రోగ నిర్ధారణలో కన్నా చట్టంలోనే ఎక్కువగా ఉంది.

1923 నాటి పరిహార చట్టం క్రోమియం జబ్బులను వృత్తి వ్యాధుల జాబితాలో 'బి' భాగంలో చేర్చింది. ఆ భాగంలోని జబ్బు వస్తే అది పని వల్లే వచ్చిందని చట్టమే భావిస్తుంది, కాదని నిరూపించాల్సింది యజమాని. కార్మికుడికి ఇంతకన్నా బలమైన ఆసరా లేదు. కానీ దానికో షరతుంది: అదే యజమాని దగ్గర వరుసగా ఆరు నెలలు చేసి ఉండాలి, ఇంకో యజమాని దగ్గర చేసిన అదే పని లెక్కలోకి రాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ షరతు కొనసాగింది. మేస్త్రీ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లే కూలీ నాలుగు నెలలు ఒక షెడ్డులో, ఐదు నెలలు మరో షెడ్డులో చేస్తాడు. ఏళ్ల తరబడి అదే విషం పీల్చినా ఏ ఒక్కరి దగ్గరా ఆరు నెలలు నిండవు. ఇది ఘోరమైన అన్యాయం.

దీనికి విరుగుడు అదే చట్టంలో ఉంది. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ 'సి' భాగంలో ఉంది. అక్కడ వేర్వేరు యజమానుల దగ్గర చేసిన కాలాన్ని కలిపి చూస్తారు, పరిహారాన్ని వారి మధ్య పంచుతారు. దుమ్ముకు వర్తించే న్యాయం తుంపరకు ఎందుకు వర్తించదు?

ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవారి దారి వేరు, వారు ఆ కార్పొరేషన్ నుంచే ప్రయోజనం కోరాలి. పేరు ఏ రిజిస్టరులోనూ లేనివారి గతే అసలు సమస్య. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. క్రోమియం షెడ్లకూ అదే నియమం పెట్టాలి, రికార్డు లేకపోతే కార్మికుడి మాటనే ప్రమాణంగా తీసుకోవాలి.

చట్టం మారేలోగా కూలి జమ అయినట్టు ఫోనుకు వచ్చిన సందేశాలను, గేటు పాసులను పారేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏ పని, ఎక్కడ, ఎన్నాళ్లుగా చేస్తున్నారో చీటీ మీద రాయమని పట్టుబట్టండి. దావా వేయడానికి రెండేళ్లే గడువు. ఆలస్యానికి సరైన కారణం చూపితే దావా విచారించే అధికారి మన్నించవచ్చు, కానీ ఆ దయ మీద ఆధారపడకండి.