టైసన్ గారి ద్వితీయ జన్మదిన మహోత్సవం
పోయిన మే నెలలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఆహ్వానం వచ్చింది. మామూలుగా ఆ గ్రూపులో వచ్చేవి రెండే, మోటరు కాలిపోయిందని ఒకటి, మెయింటెనెన్స్ కట్టని వాళ్ల లిస్టు ఒకటి. ఇది మాత్రం బంగారు రంగు అంచులతో, పైనుంచి మెరుపులు రాలుతూ వచ్చింది. "మా ముద్దుల కుమారుడు చిరంజీవి టైసన్ ద్వితీయ జన్మదిన వేడుకకు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి ఆశీర్వదించగలరు." మూడో అంతస్తు వాళ్లకు ఇంకో కొడుకు ఎప్పుడు పుట్టాడని మా ఆవిడను అడిగాను. "కుక్క" అంది.

టైసన్ గారు సైబీరియన్ హస్కీ. వంశం సామాన్యమైంది కాదు. సైబీరియా మంచులో చుక్చీ తెగ వాళ్లు బండ్లు లాగించడానికి పెంచుకున్న జాతి. 1925లో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో డిఫ్తీరియా అనే గొంతు జబ్బు పాకితే, ఇట్లాంటి బండి కుక్కలే మంచు తుఫానులో వంతులవారీగా దాదాపు 1,085 కిలోమీటర్లు పరిగెత్తి ఐదున్నర రోజుల్లో మందు చేర్చాయి. ఆ వంశాంకురం ప్రస్తుతం హన్మకొండ నక్కలగుట్టలో, పడమటి బాల్కనీలో, వాషింగ్ మెషీన్‌కూ ఖాళీ గ్యాస్ సిలిండర్‌కూ మధ్య, ఆరడుగుల గొలుసుకు కట్టి ఉంది. మన ఓరుగల్లు ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? పగలు 44 డిగ్రీలు, రాత్రి పన్నెండైనా గుట్టలు సెగ కక్కుతూనే ఉంటాయి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద కాస్త పడుతుంది, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పుతూ పోగొట్టుకోవాల్సిందే. టైసన్ అట్లా రొప్పుతుంటే ఓనరు గారు వీడియో తీసి, "మా వాడి నవ్వు చూడండి" అని స్టేటస్ పెడతారు. మేమందరం హార్ట్ సింబల్ కొడతాం.

సరే, వేడుకకు వెళ్లాను. సెల్లార్‌లో షామియానా. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ. నడుమ నల్లకళ్లద్దాలు పెట్టుకున్న టైసన్, పైన రెండు మూలలా తాతలు, కింద స్టాంపుల సైజులో బాబాయిలు, మేనమామలు, అపార్ట్‌మెంట్ కమిటీ సభ్యులు, "శుభాకాంక్షలతో" అని. కార్పొరేటర్ పుట్టినరోజుకు కూడా ఇంత పద్ధతిగా వేయరు. నా ఫోటో లేదు. బాధ లేదు అనను. రెండు డీజే బాక్సులు, పిల్లల చేతుల్లో టపటపా పేలే గొట్టాలు, ఒక్కోటి పేలినప్పుడల్లా జన్మదిన గ్రహీత తోక కాళ్ల సందున పెట్టుకుని టేబుల్ కింద దూరడం, ఓనరు గారు గొలుసు పట్టి బయటికి గుంజి, "కమాన్ టైసన్, సే హాయ్ టు అంకుల్" అనడం, మళ్లీ దూరడం, మళ్లీ గుంజడం. ఇట్లా అరగంట. చివరికి ఓనరు గారి తల్లి, పిల్లలంతా బాపమ్మ అని పిలిచే ముసలమ్మ, కుర్చీలోంచే "ఇటు రా బిడ్డా, నా కాడ కూసో" అంది. టైసన్ పోయి ఆమె కాళ్ల దగ్గర పడుకుంది. దానికి ఇంగ్లీషు రాదని రెండేళ్లలో కనిపెట్టింది ఆమె ఒక్కతే.

ఇక మెనూ. ఐదు కిలోల చాక్లెట్ కేకు. ఉల్లిగడ్డ దట్టించిన బిర్యానీ. కిస్మిస్‌లు తేలుతున్న సేమ్యా పాయసం. పశువైద్యం పరీక్షలో "కుక్కకు పెట్టకూడనివి రాయుము" అనే ప్రశ్నకు వచ్చిన జవాబును ఎవరో పొరపాటున వంటవాడికి ఇచ్చినట్టున్నారు. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్ కుక్కకు విషం, ఉల్లిగడ్డ రక్తకణాలను దెబ్బతీస్తుంది, కిస్మిస్ కిడ్నీల మీద పడుతుంది అని నెమ్మదిగా చెప్పాను. "మా వాడికి అన్నీ అలవాటే సార్" అన్నారు. కేకు మొదటి ముక్క కొడుకు నోట్లో పెట్టారు. ఫోటోగ్రాఫర్ సరిగా రాలేదంటే రెండో ముక్క కూడా పెట్టారు.

నేను గిఫ్టు ఏమీ తీసుకుపోలేదు, ఒక ప్రశ్న మాత్రం తీసుకుపోయాను. రేబిస్ టీకా వేయించారా?

"ఇంట్లో కుక్క సార్, బయటికి ఎక్కడ పోతది? పైగా సూది అంటే వాడికి భయం. మా మిసెస్ చూడలేదు."

డీజేకు లేని భయం! ఫ్లెక్సీకి డబ్బులున్నాయి, టీకాకు మనసు రాలేదు. డబ్బులు లేకున్నా పర్వాలేదు, ఏటా జులై 6న పశువుల దవాఖానాల్లో ఉచితంగానే వేస్తారు. ఆ తేదీయే ఎందుకంటే 1885లో అదే రోజు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి తొలి టీకా ఇప్పించాడు. నూట నలభై ఏళ్ల కిందటి మాట. మూడు నెలల వయసులో ఒకటి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా ఒకటి, ఇంతే గదా అడిగేది. మామునూరులో ఏకంగా పశువైద్య కళాశాలే ఉన్న ఊరు మనది. ఇంకో సంగతి, ఎక్కడికీ పోని ఈ కుక్కను రోజూ పొద్దున కిందికి తిప్పుకొచ్చేది వాచ్‌మన్ కూతురు. గొలుసు కుడిచేతికి రెండు చుట్లు చుట్టుకుని, చెప్పులు జారిపోతుంటే దాని వెనక ఉరుకుతుంది. ఆ పిల్లకూ తొమ్మిదేళ్లే. వీధికుక్క ఒక్కసారి టైసన్‌ను కొరికితే, టైసన్ ఒక్కసారి ఈ పిల్లను కొరికితే, ఆమె భయపడి ఇంట్లో చెప్పకపోతే? సబ్బు పెట్టి ధార కింద పావుగంట కడగాలని, వెంటనే దవాఖానాకు ఉరకాలని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక చావే గదయ్యా! మీ మిసెస్ సూది చూడలేదు, సరే. ఆ తల్లి ఏం చూడాలె?

గొంతు పెరిగింది, క్షమించాలి.

జూన్‌లో టైసన్ చెవుల్లో గోమార్లు పట్టాయి, ఒక్కోటి బఠానీ గింజంత. సోఫాల మీద బొచ్చు. జులైలో బాల్కనీ ఖాళీ. "ఫామ్‌హౌస్‌లో వదిలినం సార్, అక్కడ ఫ్రీగా ఉంటడు" అన్నారు. వాళ్లకు ఫామ్ లేదు, హౌస్ మీద లోన్ ఉంది. వారం తర్వాత ములుగు రోడ్డు పక్కన చెత్తకుప్ప దగ్గర నీలికళ్ల కుక్కను చూశానని మా పాలబ్బాయి చెప్పాడు. నేను పోయేసరికి లేదు. రెండు సాయంత్రాలు తిరిగాను, టైసన్ అని పిలుస్తూ, తర్వాత "ఇటు రా బిడ్డా" అని కూడా పిలుస్తూ.

దీనికి చట్టం లేదనుకునేరు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. పెంచుకున్న జంతువును ఊరికే వదిలేయడం నేరం, ఎప్పుడూ గొలుసుకు కట్టేసి తిప్పకపోవడం కూడా నేరమే. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా. ఆ యాభైకి కొబ్బరిబొండం కూడా వస్తుందో రాదో.

మొన్న గ్రూపులో మళ్లీ మెరుపులు రాలాయి. ఈసారి పర్షియన్ పిల్లి, పేరు సూచించాలట. ఏం పెట్టాలని ఎవరో అడిగితే పెరుగన్నం అని ఒకరు, జ్వరమొస్తే పారాసిటమాల్ సగం బిళ్ల అని ఇంకొకరు. పిల్లికి మాంసాహారం తప్పదు, మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది, పారాసిటమాల్ ఇస్తే ప్రాణమే పోతుంది అని టైపు చేశాను. "అంకుల్ ఎప్పుడూ నెగెటివే" అని వచ్చింది, నవ్వే బొమ్మలు నాలుగు.

సాయంత్రం మెట్ల దగ్గర పైకి చూస్తే బాపమ్మ బాల్కనీలో గోలెం కడుగుతోంది, టైసన్‌కు నీళ్లు పెట్టిన మట్టి గోలెమే. ఇంకా ఎందుకమ్మా అన్నాను.

"పిల్లికి సుత నీళ్లు గావాలె గద బిడ్డా. వీళ్లకు యాదికుంటదా?"