ఒళ్ళో కంప్యూటర్, గుమ్మంలో ఓనర్

నిన్న రాత్రి జరిగిన సంగతి ఇది. పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగాలన్నా మొహం చెల్లలేదు. బ్లాక్ కాఫీ తాగి ఇది రాస్తున్నాను.

ముందు కథ గబగబా చెప్పేస్తాను. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ ఐ9-9900కె ప్రాసెసర్ ఒకటి దొరికింది. 2018 నాటి సరుకు, ఎనిమిది కోర్లు. పేరు చివర ‘కె’ ఉంది కాబట్టి కంపెనీ ఇచ్చిన వేగం మీద ఇంకాస్త పెంచుకోవచ్చు. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. మా ఆఫీసులో ఒకడు అదే చిప్పుని అన్ని కోర్లూ 5 గిగాహెర్ట్జ్ మీద నడుపుతున్నానని క్యాంటీన్‌లో దొరికినవాడికల్లా చెబుతుంటాడు. నాది 4.7 దగ్గరే ఉంది. ఆ 0.3 నన్ను నిద్రపోనివ్వలేదు. సికింద్రాబాద్ సీటీసీలో, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఒక కంప్యూటర్ షాపులో ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరిచే వాటర్ కూలర్ కొన్నాను, వాళ్ళే బిగించారు, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్ళి మల్టిప్లయర్ 50 (5 గిగాహెర్ట్జ్ అన్నమాట), వోల్టేజ్ 1.3 అని కొట్టాను. విండోస్ వచ్చేసింది. నాకు ఈలలు వేయాలనిపించింది.

ఇక్కడ నా ఇంటి గురించి చెప్పాలి. నేనుండేది పెంట్‌హౌస్. ఈ మాట విని బయటి ఊళ్ళవాళ్ళు నా జీతం గురించి పొరబడుతుంటారు. హైదరాబాద్‌లో పెంట్‌హౌస్ అంటే మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఓనర్లు పర్మిషన్ సంగతి ఎత్తకుండా కట్టేసే రెండు గదులు. మే నెలలో ఆ స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రంతా మన మీద కక్కుతుంది. నిన్న రాత్రి ఎనిమిదింటికి గదిలో 37 డిగ్రీలు. ఏసీ పెట్టుకుంటానని ఓనర్ అంకుల్‌ని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: “వైరింగ్ ఆగదు బాబూ. పాత వైరింగ్. మేడంతా పోతుంది.” పైగా నాకు సబ్ మీటరు, యూనిట్‌కి పది రూపాయలు. ఆ పది ఎవరు నిర్ణయించారో ఆ దేవుడికీ అంకుల్‌కీ తెలియాలి.

ఈ 37 ఎందుకు ముఖ్యమంటే, వాటర్ కూలింగ్ అనగానే అదేదో ఫ్రిజ్ అనుకుంటారు జనం. కాదు. లోపలి నీళ్ళు చిప్పు వేడిని మోసుకెళ్ళి రేడియేటర్‌కి ఇస్తాయి, రేడియేటర్ దాన్ని గది గాలికి ఇస్తుంది. గది గాలి ఎంత వేడిగా ఉంటే నీళ్ళు కనీసం అంత వేడిగా ఉండాల్సిందే, అంతకన్నా కిందికి దిగవు. అంటే చలికాలంలో 22 దగ్గర మొదలయ్యే నా పరుగుపందెం, నిన్న 37 దగ్గర మొదలైంది. గీత మాత్రం ఏ కాలంలోనైనా 100 దగ్గరే ఉంటుంది. చిప్పు నూరు డిగ్రీలు తాకగానే ప్రాణం కాపాడుకోవడానికి తన వేగం తనే తగ్గించేసుకుంటుంది. 2022 చివర్లో ఐ9-13900కె చిప్పుని 9 గిగాహెర్ట్జ్ దాటించారు, కానీ దాని మీద ద్రవ హీలియం పోశారు. అది సుమారు మైనస్ 269 డిగ్రీలు. నా దగ్గర ఉన్నవి ఓ సీలింగ్ ఫ్యానూ, ఓ తడి తువ్వాలూ.

లెక్క కూడా మన పక్షాన ఉండదు. వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌తో అయితే వర్గంలో పెరుగుతుంది. నా చిప్పుకి 4.7 దగ్గర 1.2 వోల్టులు సరిపోయేవి. 5 కోసం 1.3 ఇచ్చాను. గుణించి చూసుకోండి: వేగం ఆరు శాతం, వేడి పాతిక శాతం. ఇంత నష్టపు బేరం చిట్‌ఫండ్ వాళ్ళు కూడా మనకి చెప్పరు. అయినా చేశాను, ఎందుకంటే క్యాంటీన్‌లో వాడు ఇవాళ కూడా ఉంటాడు.

సరే, ప్రైమ్95 పెట్టాను. అసలు మెర్సెన్ అనే ఒక రకం ప్రధాన సంఖ్యలు వెతకడానికి రాసిన ప్రోగ్రాం అది. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళం మాత్రం చిప్పుని చిత్రహింస పెట్టడానికి వాడుకుంటాం. అందులో టెస్టు పేరే టార్చర్ టెస్ట్. ఏవీఎక్స్ అనే బరువైన లెక్కలు చేయిస్తుంది. ఆ లెక్కలప్పుడు మాత్రం వేగం కాస్త తగ్గేలా బయాస్‌లో ఆఫ్‌సెట్ అని ఒకటి ఉంటుంది. నేను దాన్ని సున్నా దగ్గరే ఉంచాను. ఐదంటే ఐదే ఉండాలి, ఏకాదశి ఉపవాసంలో మధ్యలో ఇడ్లీ తింటామా?

టెస్టు నొక్కడం, 100 కనపడటం ఒకేసారి జరిగాయి. ఇది వింత. నీళ్ళ కూలర్‌లో నీళ్ళన్నీ కాగడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది, వేడి మెల్లగా ఎక్కాలి. నొక్కగానే వంద అంటే నీళ్ళు అసలు తిరగడం లేదన్నమాట. వేగం 5 నుంచి జారి 4.1కి వచ్చి కూర్చుంది. అంటే ఓవర్‌క్లాక్ చేసిన నా కంప్యూటర్, చేయకముందు కన్నా నెమ్మదిగా నడుస్తోంది. ఇంతలో క్యాబినెట్ లోంచి గుడగుడ, గుడగుడ.

షాపతనికి ఫోన్ చేశాను.

“అన్నా, కొత్త పీస్ అన్నా. లోపల జెర గాలి ఉంటది. అదే పోతది, టెన్షన్ తీస్కోకు.”

“రేడియేటర్ అడుగున ఎందుకు బిగించావు?”

“పైన పెడితే ర్యామ్‌కి తగుల్తుందన్నా. కింద పెడితే లుక్ కూడా మస్తుంటది.”

లుక్ మస్తుంటదట. ఈ కూలర్లకి కంపెనీలోనే నీళ్ళు నింపి సీలు వేస్తారు. ఎంత నింపినా కాస్త గాలి మిగిలే ఉంటుంది. గాలి ఎప్పుడూ ఎత్తయిన చోటు చూసుకుని అక్కడ చేరుతుంది. రేడియేటర్ పైన ఉంటే దాని మూలకి పోయి బుద్ధిగా పడుంటుంది. రేడియేటర్ అడుగున ఉంటే? ఎత్తయిన చోటు చిప్పు మీదున్న పంపే. గాలి వెళ్ళి పంపులో కాపురం పెడుతుంది. నీళ్ళని తోయాల్సిన పంపు గాలిని చిలుకుతూ ఉంటుంది. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌కి సర్క్యూట్లన్నీ ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో ముంచి ఉంచేవారు, దానికి ‘బబుల్స్’ అని ముద్దుపేరు. వాళ్ళకి బుడగలు ముద్దొచ్చాయి. వాళ్ళ ఓనరు ఏసీకి ఒప్పుకుని ఉంటాడు.

“ఇప్పుడేం చేయమంటావు?”

“నడుస్తుండగానే అటు ఇటు ఒంచన్నా. గాలి పైకి పోతది. సెట్ అయితది.”

ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు మీరు దృశ్యాన్ని కాస్త ఓపికగా ఊహించుకోవాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఒంటి మీద చిల్లుల బనియను, లుంగీ, నెత్తిన తడి తువ్వాలు. ఒళ్ళో క్యాబినెట్, పవర్ కేబుల్ పొట్టిది కాబట్టి గోడకి జరిగి జరిగి వీపు స్విచ్‌బోర్డుకి ఆనింది. రేడియేటర్ వైపు పైకి లేచేలా పెట్టెని ఎడమకి ఒంచి పట్టుకున్నాను. దాని అద్దపు తలుపు నా చెంపకి ఆని కాలుతోంది. లోపల రంగురంగుల లైట్లు, షాపతను ఉచితంగా వేసినవి, గులాబీ నుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చ నుంచి నీలానికి నా మొహం మీద మారుతున్నాయి. టెస్టు ఆపలేదు. ఆపితే బుడగ పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? టేబుల్ మీద మానిటర్‌లో 100, 100, 100 అని ఎర్రగా కనపడుతోంది. నేను చెవి ఆనించి వింటున్నాను. గుడగుడ అన్నప్పుడల్లా కుడిచేత్తో రేడియేటర్ దగ్గర మెల్లగా తడుతున్నాను. నోటితో ఏదో అంటున్నాను కూడా. “రా, రా, పైకి రా” అన్నానని తర్వాత సాక్షులు చెప్పారు.

సాక్షులు ఎవరంటే, గాలి కోసం తలుపు బార్లా తీసి పెట్టాను కదా, గుమ్మంలో ఓనర్ అంకుల్, వెనక ఆంటీ, వాళ్ళ వెనక నేనెప్పుడూ చూడని ఒక కుటుంబం. భార్య, భర్త, ఒక మామ్మగారు, ఇంటర్ చదివే వయసు కుర్రాడు. నేను లేవలేను. ఒళ్ళో పద్నాలుగు కిలోల పెట్టె, అదీ కరెంటుతో. నమస్కారం పెట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. తల ఊపాను, తువ్వాలు జారి కళ్ళ మీద పడింది.

“ఏంటి బాబూ ఇది?” అన్నాడు అంకుల్.

“వాటర్ కూలింగ్ అంకుల్. లోపల గాలి చేరింది.”

“సీపీయూలో నీళ్ళు పోశావా?” ఆయన చూపు ముందు నా మీద, తర్వాత స్విచ్‌బోర్డు మీద, చివరికి సబ్ మీటరు ఉన్న వైపు వెళ్ళింది. “ఎన్ని యూనిట్లు లాగుద్ది?”

నిజాయితీ మనిషిని కాబట్టి దాదాపు మూడొందల యాభై వాట్లు, మూడు గంటలకి ఒక యూనిట్ అన్నాను. పది రూపాయలు అని ఆయన లోపల గుణించుకోవడం నాకు కనపడింది. నిజానికి నా కష్టంలో ఆయనకి లాభం వస్తోంది, కానీ మొహంలో ఆ కృతజ్ఞత ఏమీ లేదు.

వచ్చినవాళ్ళెవరో అప్పుడు ఆంటీ నోటి వెంట తెలిసింది. “ఇది హాలు. ఆ పక్కది బెడ్‌రూమ్” అని వాళ్ళకి చూపిస్తోంది. నా హాలు. నా బెడ్‌రూమ్. ఇల్లు ఖాళీ చేయమని నాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆ మాట అడుగుదామని నోరు తెరిచాను, పెట్టె గుడగుడమంది.

మామ్మగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది. నా ముందు వంగి చెయ్యి చెవికి పెట్టుకుని వింది. “లోపల గాలే నాయనా. అలా పడుకోబెట్టి తడితే రాదు. నిలువుగా ఎత్తి భుజాన వేసుకో. తేన్పు వచ్చేస్తుంది” అంది. వెక్కిరింపు కాదు. ఆవిడ మొహంలో ఎంత శ్రద్ధ ఉందంటే, ఆ గదిలో నా బాధ అర్థమైంది ఆవిడకొక్కదానికే. “వాము నీళ్ళు...” అని ఏదో అనబోయి, లైట్లు చూసి ఆగింది.

“నాయనమ్మా, ఆయన కింద రేడియేటర్ బిగించుకున్నాడు. అందుకే” అన్నాడు కుర్రాడు, గుమ్మం దగ్గర నిలబడే. తర్వాత నాతో, “పంపు కన్నా పైన ఉండాలి కదా అంకుల్?”

నాకు ముప్పై ఒకటి.

అయినా మామ్మగారి మాటే విన్నాను. గోడ ఆసరాతో క్యాబినెట్‌ని తలకిందులుగా భుజం దాకా లేపాను. ఒక్కసారిగా లోపల బుళుక్కుమంది. గుడగుడ ఆగిపోయింది. మానిటర్ మీద అంకెలు కదిలాయి: 99, 98, 96. వేగం 5కి ఎక్కింది. తొంభై ఆరు డిగ్రీలని చూసి సంతోషపడిన మనిషి మీకు ఇంకెక్కడా కనపడడు. “వచ్చింది!” అంది మామ్మగారు. నేనూ అదే మాట అరిచాను. ఇద్దరం నవ్వుకున్నాం. తక్కినవాళ్ళు నవ్వలేదు.

ఆ కుర్రాడి తండ్రి ఈ సందడిలో స్లాబుకేసి చూసి, చొక్కా కాలరు వదులు చేసుకుని, “వేడి బాగా ఉందండీ. ఏసీ పెట్టుకోవచ్చా?” అని అడిగాడు.

“ఎందుకు పెట్టుకోకూడదండీ! నిక్షేపంగా” అన్నాడు అంకుల్. “వైరింగ్ అంతా కొత్తదే.”

నేను ఏదో అనాలి. కానీ పెట్టె భుజం మీద ఉంది, కాళ్ళు తిమ్మిరెక్కాయి, నెత్తి మీది తువ్వాలు నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నాయి. కుర్రాడే వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి కిందికి దించుతుంటే, మానిటర్‌కేసి చూసి నా చెవిలో మెల్లగా అడిగాడు.

“ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ పెట్టలేదా అంకుల్?”