సొంత డబ్బుకు వడ్డీ లేదట!

గుంటూరు వ్యాపారుల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "అప్పు లేని కంపెనీకి మూలధన ఖర్చు (పెట్టిన డబ్బుకు కనీసం రావాల్సిన రాబడి) సున్నా. పన్ను పోను లాభం మిగిలితే సంపద పెరిగినట్టే. తరుగుదల కాగితం లెక్క, లాభంలో కలిపేసుకోండి. ఈక్విటీ (యజమానుల సొంత డబ్బు) మీద రాబడి 20 శాతం దాటితే కళ్లు మూసుకుని కొనండి. ఈక్విటీ ఖర్చంటూ ఆడిటర్లు వేసేది కాకిలెక్క."

తరుగుదల సంగతా? కోల్డ్ స్టోరేజీలో అమోనియా కంప్రెసర్‌కు ఇది చదివి వినిపించండి, అరగడం మానేస్తుందేమో. 20 శాతం రాబడా? వ్యాపారం వడ్డీ కంటే ఎక్కువ సంపాదిస్తుంటే చాలు, సొంత డబ్బు తీసేసి అప్పు నింపితే ఆ అంకె దానంతటదే లేస్తుంది.

అసలు విషం మొదటి వాక్యంలో ఉంది. ఇదే ఫార్వర్డ్ చేసేవాళ్లు బావమరిదికి అప్పిచ్చినా నూటికి రూపాయిన్నర అంటారు, అంటే ఏడాదికి 18 శాతం. సొంత పొలం సాగుచేసే రైతు కూడా కౌలుకిస్తే ఎంతొచ్చేదో లెక్కేసుకుంటాడు. కంపెనీలో వేసిన డబ్బు మాత్రం ఉచితం!

ఓ కోల్డ్ స్టోరేజీలో 10 కోట్లు పెట్టారనుకోండి. 4 కోట్లు బ్యాంకు అప్పు, 10 శాతం వడ్డీ. 6 కోట్లు సొంతం, దానికి 15 శాతం ఆశిస్తారు. తరుగుదల పోను, వడ్డీకి ముందు లాభం 1.20 కోట్లు. 40 లక్షల వడ్డీ, 25.17 శాతం పన్ను పోతే దాదాపు 60 లక్షలు మిగులుతుంది. మెసేజ్ ప్రకారం స్వీట్లు పంచాలి. ఇప్పుడు వడ్డీ తీయకుండా (దాన్ని మూలధన ఖర్చులో కలుపుతాం) 1.20 కోట్ల మీదే పన్ను తీయండి: 90 లక్షలు, అంటే పెట్టుబడి మీద 9 శాతం. అప్పు ఖర్చు పన్ను మినహాయింపు పోను 7.5 శాతం. దాన్ని, సొంత డబ్బుకు ఆశించే 15 శాతాన్ని 40:60 పాళ్లలో కలిపితే సగటు 12 శాతం, అంటే 10 కోట్ల మీద 1.20 కోట్లు రావాలి. వచ్చింది 90 లక్షలే, లోటు 30 లక్షలు.

తప్పులన్నీ దొర్లేది ఆ 10 కోట్లు, అంటే పెట్టుబడి ఎంతో తేల్చే దగ్గరే. నికర స్థిరాస్తులు (తరుగుదల పోను భవనాలు, యంత్రాల విలువ), స్టాకు, రావలసిన బాకీలు కలిపి, సరుకు సరఫరాదారులకు ఇవ్వాల్సింది తీసేయాలి. వ్యాపారానికి అక్కర్లేని నగదునూ, ఇంకా కడుతున్న కోల్డ్ స్టోరేజీ గదినీ పక్కన పెట్టాలి. మిర్చి వ్యాపారమైతే మార్చి 31 అంకె ఒక్కటే పట్టుకోకండి. అప్పుడు సీజన్ మధ్యలో స్టాకు ఉబ్బి ఉంటుంది. 12 నెలల సగటు వేయండి.

మెసేజ్‌లోని చివరి మాటలో మాత్రం కొంత నిజముంది. ఈక్విటీ ఖర్చు 15 శాతమేనని ఎవరూ రుజువు చేయలేరు. కాబట్టి 13, 15, 17 మూడూ వేసి చూడండి. పై లెక్కలో 13 వేసినా 18 లక్షల లోటే. 10కి దించితేగానీ లోటు పోదు, అంటే నెలకు నూటికి 83 పైసలు. మిర్చి యార్డు చుట్టుపక్కల ఆ వడ్డీకి అప్పిచ్చేవాళ్లుంటే, ఈసారి వాళ్ల నంబరు ఫార్వర్డ్ చేయండి.