తీయాల్సిన స్టెంట్‌కు తేదీ ఏదీ?

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి కామెర్లతో చెన్నై వచ్చే తెలుగువారిలో చాలామంది ఇప్పుడు పొట్టపై గాటు లేకుండానే రెండు మూడు రోజుల్లో తిరుగు రైలెక్కుతున్నారు. కాలేయం నుంచి పేగుకు పిత్తం (పైత్యరసం) తెచ్చే పిత్తనాళంలో రాయి ఇరుక్కుని కామెర్లు వస్తే ఒకప్పుడు పెద్ద ఆపరేషనే దిక్కు. 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు నోటి నుంచి పంపిన ఎండోస్కోప్‌తోనే ఆ నాళం ముఖాన్ని కోసి చూపాక దారి మారింది. ఈఆర్‌సీపీ అనే ఈ చికిత్సలో పక్కకు చూసే కెమెరా గొట్టం చిన్నపేగు మొదటి మలుపు దాకా వెళ్తుంది. అక్కడ పిత్తనాళం తెరుచుకునే బొడిపెలోంచి సన్నని తీగను నాళంలోకి ఎక్కించి, ముఖాన్ని కరెంటుతో కాస్త కోసి, బెలూన్‌తోనో చిన్న బుట్టతోనో రాళ్లను పేగులోకి లాగేస్తారు.

రాయి పెద్దదై మిగిలినా, నాళంలో చీము పట్టినా, పిత్తం పారేందుకు సుమారు మూడు మిల్లీమీటర్ల లావున్న ప్లాస్టిక్ స్టెంట్, అంటే చిన్న గొట్టం, వేసి పంపుతారు. మా ఆందోళన ఈ స్టెంట్ గురించే.

స్టెంట్ అనగానే మనవాళ్లకు గుండెకు వేసేదే గుర్తొస్తుంది. అది జీవితాంతం ఉండేది. పిత్తనాళంలో వేసే ప్లాస్టిక్ స్టెంట్‌ను మాత్రం సాధారణంగా మూడు నెలల్లోపు తీయాలి, లేదా మార్చాలి. లోపలి గోడలకు బ్యాక్టీరియా పొర కట్టి, దానిపై మడ్డి పేరుకుని గొట్టం పూడుకుపోతుంది. అప్పుడు చలిజ్వరం, కుడి డొక్క పైభాగాన నొప్పి, మళ్లీ కామెర్లు. ఊళ్లో ఇంజెక్షన్‌తో జ్వరం రెండు రోజులు దిగి మళ్లీ వస్తుంది, ఎందుకంటే అడ్డు అలాగే ఉంది. ఏళ్ల తరబడి వదిలేస్తే స్టెంట్ చుట్టూ కొత్త రాళ్లు కడతాయి. కొందరిలో అది జారి పేగును చిల్లు పొడుస్తుంది కూడా. పూడుకునేదాకా నొప్పి ఉండదు కనుకనే మరిచిపోతారు.

తప్పు రోగిదని తేల్చేయడం న్యాయం కాదు. ఈఆర్‌సీపీ తర్వాత క్లోమం వాచే ప్రమాదం గురించి ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. మూడు నెలల నాటి ప్రమాదం ఇంగ్లిషు డిశ్చార్జి కాగితంలో ఒక పంక్తిగా మిగిలిపోతోంది. తెలుగు రోగులను చేర్చుకునే ప్రతి ఆస్పత్రీ స్టెంట్ రిజిస్టరు పెట్టాలి. తీయాల్సిన తేదీని కాగితం పైభాగాన తెలుగులో రాసివ్వాలి. పది వారాలకు ఫోన్ చేయాలి, రోగి ఎత్తకపోతే ఇంటివాళ్లకు చేయాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఒక మనిషి చాలు.

ఇంటికి వెళ్లేముందు రోగి వెంట వచ్చినవారు మూడు సంగతులు అడగాలి: వేసింది ప్లాస్టిక్‌దా, లోహపుదా? ఎప్పుడు రావాలి? పిత్తాశయంలోనూ రాళ్లుంటే దాని ఆపరేషన్ ఎప్పుడు? రాళ్లు మిగలకపోతే స్టెంట్ తీయడం మామూలు ఎండోస్కోపీతోనే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. గడువు దాటి నెలలైనవారు మాత్రం ఈఆర్‌సీపీ వసతి ఉన్నచోటికే వెళ్లాలి. పాత స్టెంట్ లాగేటప్పుడు విరగవచ్చు, దాని వెనక రాళ్లూ ఉండవచ్చు.