పరుపు కొనొచ్చు, నిద్ర కొనలేమా?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ ఈ నెలలో మూడోసారి వచ్చింది. పైన ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ, కింద ఈ మాటలు: "డబ్బుతో పరుపు కొనొచ్చు, నిద్ర కొనలేం. మందులు కొనొచ్చు, ఆరోగ్యం కొనలేం. ఇల్లు కొనొచ్చు, అనుబంధం కొనలేం. ఒక స్థాయి దాటితే డబ్బుతో సంతోషం పెరగదని అమెరికా శాస్త్రవేత్తలే తేల్చారు. లాటరీ తగిలినవాడు కొన్నాళ్లకే మళ్లీ మామూలు మనిషి అవుతాడు. భూటాన్ పేద దేశమే, అయినా ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉంది. మన తాతలు గుడిసెల్లో ఉన్నా హాయిగా బతికారు. ఉన్నదాంతో తృప్తి పడదాం."

దాని కింద వరసగా దండాలు. దండం పెట్టినవాళ్లలో మా మేనత్త కొడుకు కూడా ఉన్నాడు. పోయిన వానాకాలం పత్తి పెట్టుబడికి నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెచ్చాడు. నెలకు మూడు వేలు మిత్తికే పోతున్నాయి, అసలు అలాగే ఉంది. ఆ మాటలకు బావ దండం పెట్టడం చూశాక ఊరుకోలేకపోయాను. అందుకే ఒక్కో మాటకు జవాబు రాస్తున్నాను.

"పరుపు కొనొచ్చు, నిద్ర కొనలేం"

పేదవాడు ఒళ్లు అలిసి కటిక నేల మీదైనా హాయిగా నిద్రపోతాడని, ఉన్నవాడికే పరుపు మీద నిద్ర పట్టదని మనలో ఒక నమ్మకం ఉంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అనే సామెతను కూడా దీనికి తోడు తెచ్చుకుంటాం. చెన్నైలో తక్కువ ఆదాయం ఉన్న 452 మంది చేతికి గడియారం లాంటి పరికరం కట్టి నిద్రను కొలిచారు. ఆ అధ్యయనం 2021లో అచ్చయింది. వాళ్లు పడక మీద ఎనిమిది గంటలున్నా నిద్రపోయింది అయిదున్నర గంటలే. అదీ ముక్కలు ముక్కలుగా. ఉక్క, దోమలు, చప్పుడు, మనసులో దిగులు. వీటిలో డబ్బుతో తగ్గనిది ఏదో చెప్పండి. మే నెలలో, పగలు 45 డిగ్రీలు కాసిన రోజున, నల్గొండలో ఒక రేకుల ఇంట్లో రాత్రి పడుకుని చూస్తే కూలర్ విలువ తెలుస్తుంది.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు మా రైతులు కరెంటు వచ్చే వేళకు నడిరాత్రి లేచి, టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పోయేవాళ్లు. పాము కరిచి, షాక్ కొట్టి పోయినవాళ్లు ఎందరో. వైర్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద, కరెంటు కొనుగోలు మీద డబ్బు పెట్టాకే ఆ ఇళ్లలో రాత్రి నిద్ర కుదురుకుంది.

అప్పు సంగతి వేరే చెప్పాలి. మాది దేవరకొండ వైపు ఊరు. నాన్న కిరాణా కొట్టు నడిపేవాడు, బడి అయ్యాక గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి ఉద్దెర పుస్తకం ఉండేది, ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. విత్తనాలు పెట్టిన దగ్గర్నుంచి దసరా దాకా పేజీలు నిండుతూనే ఉండేవి. మా వాడకట్టులో ఒకామెను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆ నెలల్లో ఆమె కొట్టుకు వస్తే నేరుగా ముందుకు వచ్చేది కాదు. గుంజ పక్కన నిలబడి, ఉన్నవాళ్లంతా పోయేదాకా ఆగేది. తర్వాత గొంతు తగ్గించి "మీ నాయిన లేడా బిడ్డా?" అని అడిగి, లేడంటే పావుకిలో నూనె, గుప్పెడు ఎండుమిరపకాయలు తీసుకునేది. ఒకరోజు కళ్లు ఉబ్బి ఉంటే ఏమైందని అడిగాను. "రాత్రంత కన్నంటుకోలే బిడ్డా, పొద్దున మిత్తి పైసలకొస్తడు" అంది.

పత్తి అమ్మిన పైసలు చేతికొచ్చాక అదే మనిషి వేరేగా నడిచేది. నలుగురి మధ్యలోంచి ముందుకొచ్చి, పేజీ తీయించి, గీత కొట్టించి, "ఈసారి బెల్లం మంచిగ లేదేంది, మీ నాయినకు చెప్పు" అని గదమాయించేది. నాకు చేతిలో బూందీ పెట్టేది. ఇల్లు అదే, పెనిమిటి అతనే, పిల్లలు వాళ్లే. కొంగున నాలుగు పైసలు చేరాయి, అంతే.

ఇదే సంగతిని తమిళనాడు చెరుకు రైతుల మీద కొందరు పరిశోధకులు పరీక్ష పెట్టి చూశారు. 54 ఊళ్లలో 464 మంది. కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత డబ్బు అందాక ఇంకోసారి ఆలోచనకు సంబంధించిన పరీక్షలు పెడితే, అదే రైతు కోతకు ముందు వెనకబడ్డాడు. 2013లో సైన్స్ పత్రికలో ఇది వచ్చింది. డబ్బు టెన్షన్ మనిషి బుర్రలో సగం జాగా ఆక్రమిస్తుందని మా చిన్నమ్మను చూసి నాకు పన్నెండేళ్లకే తెలిసింది. ఆమెను తెలివితక్కువదని, అందుకే అప్పు చేస్తుందని అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

"మందులు కొనొచ్చు, ఆరోగ్యం కొనలేం"

ఈ మాట ఇంకెక్కడైనా అనండి, నల్గొండ జిల్లాలో మాత్రం అనకండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఊళ్లలో వంగిన కాళ్లు, గట్టిపడిన వెన్నులు చూస్తూ పెరిగినవాళ్లం మేం. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో, చేతిపంపుల్లో అంతకంటే ఎంతో ఎక్కువ ఉండేది. కాచినా అది పోదు. ఎముక ఒకసారి వంకర తిరిగితే ఏ మందుకూ తిరిగి రాదు. పాలు, కూరలు సరిగా అందని ఒంటి మీద దాని దెబ్బ ఇంకా ఎక్కువ. ఒకే ఊళ్లో చేతనైనవాళ్లు క్యాన్ నీళ్లు తెప్పించుకున్నారు, ఇంట్లో పాడి ఉన్నవాళ్లు పిల్లలకు పాలు పోశారు. కూలికి పోయే ఇంటి పిల్ల చేతిపంపు నీళ్లే తాగింది. ఆ తేడా వాళ్ల ఎముకల మీద రాసి ఉంది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు వాడుతుంది. మా జిల్లా పేరు అలా పుస్తకాల్లోకి ఎక్కింది. చివరికి కృష్ణా నీళ్లు పైపుల్లో ఇళ్లకు చేరడానికి వేల కోట్లు పట్టాయి. అది ఆరోగ్యాన్ని కొనడం కాకపోతే ఏమిటి?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకోవాల్సిన ఇంటికి ఆ కార్డు ఏం ఇచ్చిందో పాలమూరులో ఎవరినైనా అడగండి.

"ఇల్లు కొనొచ్చు, అనుబంధం కొనలేం"

పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా అక్కడ వీళ్లే ఉండేవాళ్లు. గుంపు మేస్త్రి ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీరుతుంది. ఆ తర్వాత నెలల తరబడి మొగుడూ పెళ్లాం ఏ పుణెలోనో, ముంబైలోనో. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు తండాల్లో, ఊళ్లలో పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోతారు. వాళ్ల కోసమే సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సి వచ్చింది.

ఒకసారి కోస్గి బస్టాండులో ముంబై బస్సు కదులుతుంటే చూశాను. మూడేళ్ల పిల్ల అవ్వ చంకలోంచి జారి బస్సు వైపు పరుగెత్తింది. తల్లి కిటికీలోంచి చెయ్యి చాపి, మళ్లీ లోపలికి తీసుకుంది. దిగితే ఎక్కలేనని ఆమెకు తెలుసు. ఆ తల్లికి, ఆ పిల్లకు మధ్య అనుబంధం లేదా? నిండుగా ఉంది. లేనిది డబ్బు. అది లేకే ఆ అనుబంధం వందల కిలోమీటర్ల ఎడంగా, వారానికో ఫోన్ కాల్ మీద బతుకుతోంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చేరిన ఊళ్లలో ముంబై నుంచి తిరిగొచ్చి సొంత మడి చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లలకు అమ్మానాన్నలు రోజూ కనపడుతున్నారు.

"ఒక స్థాయి దాటితే సంతోషం పెరగదు"

ఈ మాటకు ఆధారం ఉంది, కాబట్టి జాగ్రత్తగా చూడాలి. డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ ఇద్దరూ నోబెల్ అందుకున్నవాళ్లు. 2010లో వాళ్లు అమెరికా సర్వే లెక్కలు చూసి, ఏడాదికి 75,000 డాలర్ల కుటుంబ ఆదాయం దాటాక రోజువారీ మూడ్ పెద్దగా మెరుగుపడటం లేదన్నారు. అదే వ్యాసంలో, తమ జీవితం మొత్తానికి జనం వేసుకునే మార్కులు మాత్రం ఆ పైన కూడా పెరుగుతూనే ఉన్నాయని రాశారు. మెసేజ్ తయారుచేసినవాళ్లు ఆ సగం వదిలేశారు.

మూడ్ లెక్క కూడా అక్కడ ఆగలేదు. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు 33 వేల మందికి పైగా అమెరికన్ల ఫోన్లకు 'ఇప్పుడు ఎలా ఉన్నారు?' అని ప్రశ్నలు పంపి, 17 లక్షలకు పైగా జవాబులు సేకరించాడు. 2021లో వచ్చిన ఆ లెక్కల్లో సంతోషం ఎక్కడా ఆగలేదు, ఆదాయంతో పాటు పెరుగుతూనే పోయింది. ఇక్కడ నాకు చాలా నచ్చిన విషయం ఒకటి ఉంది. కానెమన్ అతనితో గొడవకు దిగలేదు. బార్బరా మెల్లర్స్‌ను మధ్యవర్తిగా పెట్టుకుని ఇద్దరూ కలిసి లెక్కలు మళ్లీ చూశారు. 2023లో ముగ్గురి పేర్లతో జవాబు వచ్చింది: ఎక్కువ మందికి డబ్బుతో సంతోషం పెరుగుతూనే ఉంటుంది. అందరికంటే దిగులుగా ఉన్న అయిదో వంతు మందికి మాత్రం సుమారు లక్ష డాలర్ల దగ్గర పెరుగుదల ఆగిపోతుంది.

ఆ అయిదో వంతు నిజమే. బిడ్డ పోయిన ఇంటికి, మనసు విరిగిన మనిషికి డబ్బు ఒక దశ తర్వాత ఏమీ చెయ్యలేదు. మెసేజ్‌లో నేను ఒప్పుకునే సత్యం అదొక్కటే.

ఆ 75,000 డాలర్లు ఎంతో కూడా చూడండి. 2010 నాటి మారకం లెక్కన సుమారు 34 లక్షల రూపాయలు. మా దగ్గర ఉపాధి హామీ కూలీ 2025-26లో రోజుకు 307 రూపాయలు. వంద రోజులూ పని దొరికితే ఏడాదికి 30,700. ముప్పై నాలుగు లక్షల దగ్గర చెప్పిన మాటను ముప్పై వేల దగ్గర ఉన్నవాళ్లకు ఎలా అంటగడతారు? పైగా ఈ పరిశోధనల్లో కనిపించింది రెట్టింపు లెక్క. నెలకు లక్ష వచ్చేవాడికి ఇంకో లక్ష కలిస్తే ఎంత మెరుగో, పది వేలు వచ్చేవాడికి ఇంకో పది వేలు కలిస్తే అంత మెరుగు. తక్కువ ఉన్నచోటే ఒక్కో రూపాయి ఎక్కువ పని చేస్తుంది.

"లాటరీ తగిలినా అంతే"

ఇది 1978 నాటి ఒక అమెరికా అధ్యయనం నుంచి వచ్చిన మాట. అందులో లాటరీ గెలిచినవాళ్లు 22 మందే. ఇరవై రెండు మందితో లోకం మొత్తానికి తీర్పు ఎలా చెబుతాం? స్వీడన్‌లో మూడు వేలకు పైగా లాటరీ విజేతలను చూసి 2020లో అచ్చువేసిన అధ్యయనంలో, పెద్ద మొత్తం గెలిచినవాళ్లకు జీవితం మీద తృప్తి పెరిగింది, పదేళ్లు దాటినా తగ్గలేదు.

మన దగ్గర లాటరీ లేదు కాబట్టి ఇదే మాటను భూముల మీద చెబుతారు. షాద్‌నగర్ వైపు, చౌటుప్పల్ వైపు భూమి అమ్ముకుని, కార్లు కొని, తాగి పాడైపోయినవాడి కథ ప్రతి చాయ్ హోటల్‌లో వినపడుతుంది. ఉంటారు అలాంటివాళ్లు. అదే డబ్బుతో బిడ్డ పెళ్లి చేసి, కొడుకును చదివించి, ఇంకోచోట రెండెకరాలు కొనుక్కున్నవాడి కథ చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు.

పేదల చేతికి నేరుగా డబ్బు వస్తే ఏమవుతుందో ఇండోనేషియాలో చూశారు. పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు ఇచ్చిన చోట ఆత్మహత్యలు సుమారు 18 శాతం తగ్గాయి. అప్పుల కోసం పురుగుల మందు తాగిన రైతు ఇంటిని దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఆ అంకె ఎంత పెద్దదో నేను చెప్పక్కర్లేదు.

"భూటాన్‌ను చూడండి"

2019 ప్రపంచ సంతోష నివేదికలో భూటాన్ 95వ స్థానంలో ఉంది. 2018 నుంచి వరసగా మొదటి స్థానం ఫిన్లాండ్‌ది, అది ధనిక దేశం. భూటాన్ యువకులు వేల సంఖ్యలో ఆస్ట్రేలియాకు పోతున్నారు, చదువుకు, సంపాదనకు.

"మన తాతలు గుడిసెల్లో హాయిగా బతికారు"

1951 నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. మా అవ్వ ఎనిమిది మందిని కంటే నలుగురు దక్కారు. ఆమె ఆ రోజుల్ని హాయి అని ఎన్నడూ అనలేదు. ఇక ఉన్నదాంతో తృప్తి పడటం అంటారా, మా తాతలు అదే పని చేయలేదు. 1946 నుంచి 1951 దాకా నల్గొండ ఊళ్లలో జనం వెట్టిచాకిరీ ఇక చేయబోమని, మా పంట మాకే కావాలని దొరల మీద తిరగబడ్డారు. వాళ్ల పేరు చెప్పి వాళ్ల మనవళ్లకు తృప్తిని బోధించడం అన్యాయం.

ఇదంతా గ్రూపులో పెట్టే ముందు బావకు ఫోన్ చేశాను. మూడెకరాలకు పాస్‌బుక్ ఉంది, పంట రుణం ఎందుకు తీసుకోలేదని అడిగాను. ఒకసారి పోతే తిప్పించారని, మళ్లీ పోవడానికి నామోషీ అనిపించిందని అన్నాడు. పంట రుణం మిత్తి ఏడాదికి ఏడు శాతం, గడువులో కడితే నాలుగే పడుతుంది. అతను ఇప్పుడు కడుతున్నది ముప్పై ఆరు. లక్ష మీద ఏడాదికి ముప్పై రెండు వేల తేడా. ఆ లెక్క చెబితే కాసేపు మాట్లాడలేదు. "ముప్పై రెండు వేలా" అని రెండుసార్లు అన్నాడు. సోమవారం పాస్‌బుక్, ఆధార్ తీసుకుని దేవరకొండ బస్టాండుకు రమ్మన్నాను. పదింటికల్లా నేనక్కడ ఉంటాను.