మా ఇంటి మండువాకు సంజాయిషీ నోటీసు

విజయవాడ వన్‌టౌన్‌లో, మా పాత ఇంటి నడిమధ్య ఏ పనీ లేకుండా కూర్చున్న మండువా గారికి,

నిన్న బిల్డరు మనిషి టేపు తెచ్చి మిమ్మల్ని కొలిచాడు. పొడవు 14 అడుగులు, వెడల్పు 12. కాళేశ్వరరావు మార్కెట్‌కు కూతవేటు దూరంలో 168 చదరపు అడుగుల చోటును తరతరాలుగా ఆకాశానికి వదిలేసినందుకు తగిన సంజాయిషీ ఇవ్వవలసిందిగా కోరడమైనది.

మీ పూర్వాపరాలు మాకు తెలియనివి కావు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో మాగాణి పెరిగి చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మా ముత్తాత మిమ్మల్ని కట్టించారు. (కట్టించారనడమూ తప్పే. చుట్టూ ఇల్లు కట్టి, మిమ్మల్ని కట్టకుండా వదిలేశారు.) బర్మా టేకు దూలాలు, ఎద్దులు గానుగ తిప్పి నూరిన సున్నం, మూరెడు మందం గోడలు. అంత ఖర్చు పెట్టినవారు పెంకులను లోపలికి వాల్చి, వీధిలోకి పోవలసిన వాననీటిని నాలుగు వైపుల నుంచీ ఇంట్లోకే పిలిచారు!

గడియారాల దుకాణాల పొట్ట కొట్టారన్నది రెండో అభియోగం. ఎండ మూడో స్తంభం మొదలును తాకితే మా నాయనమ్మ పప్పు పొయ్యి మీద పెట్టేది. మబ్బు పట్టిన రోజున అందరికీ భోజనం ఆలస్యమే. మే నెలలో వేడి గాలిని పైకి తరిమి, ఏసీ అమ్మేవాళ్లకూ అన్యాయం చేశారు.

వాటాలు పంచుకున్నప్పుడు వీధి గదులు ఒకరికి, వంటిల్లు ఒకరికి, పడమటి గదులు ఒకరికి, సామాన్ల కొట్టు మాకు వచ్చాయి. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. దస్తావేజులో ‘ఉమ్మడి’ అని రాశారు. ఉమ్మడి కనుక పగిలిన పెంకు ఎవరూ మార్పించలేదు. దూలం చివర కుళ్లింది. ఆ తప్పూ మీదే.

కంగారు పడకండి, కొత్త ప్లానులో మీకూ చోటిచ్చారు. పేరు డక్టు. వెడల్పు నాలుగడుగులు. స్నానాల గదుల గొట్టాలన్నీ అందులోంచే దిగుతాయి. పావురాలు దూరకుండా పైన వల కడతారట. మీ వాననీటికి వేరే ఇంకుడు గుంత ఉంది. బిల్డరు దాన్ని తన కొత్త ఆలోచనలా చెప్పుకొచ్చాడు.

ముగ్గురు వాటాదారులు సంతకాలు చేసేశారు. కాగితాలు నా ముందున్నాయి. రాత్రి వానకు మీ మూలన పెట్టిన గంగాళం నిండి పొర్లుతోంది. దాన్ని తులసి కోటలో వంచి వస్తాను.

ఇట్లు,
నాలుగో వాటాదారు