ఈక్వలైజర్ నవ్వుతోంది, పాట ఏడుస్తోంది

ఎవరింటికి వెళ్లినా గ్రాఫిక్ ఈక్వలైజర్ (పాటలోని లావు, సన్న శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే స్లైడర్ల పెట్టె) మీద ఒకటే బొమ్మ. ఎడమ చివర బేస్ (లావు శబ్దాల) స్లైడర్లు పైకి, కుడి చివర ట్రెబుల్ (సన్న శబ్దాలవి) పైకి, మధ్యలోవన్నీ కిందికి. దూరం నుంచి చూస్తే నవ్వుతున్న మూతిలా ఉంటుంది. పైగా "సౌండ్ ఎలా ఉంది?" అని మురిపెంగా అడుగుతారు. ఏం చెప్పను? డ్రమ్ములు గుండెల మీద కొడుతున్నాయి, తాళాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి, పాడే మనిషి మాత్రం పక్క గదిలో తలుపేసుకుని పాడుతున్నట్టుంది. గొంతు, వయొలిన్, వేణువు ప్రాణమంతా ఉండేది ఆ మధ్య స్లైడర్లలోనే. వాటినే తొక్కేశారు!

నేనేమీ శుద్ధపూసను కాదు. ఏళ్ల తరబడి నేనూ అదే పని చేశాను. చివరికి ఒక రాత్రి పాట మధ్యలో కుడి ట్వీటర్, అంటే సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్, ఊపిరి వదిలేసింది. లెక్క తెలిశాక తల పట్టుకున్నాను. ఒక స్లైడర్‌ను 3 డెసిబెల్స్ (శబ్దం హెచ్చుతగ్గుల కొలత) పెంచితే ఆంప్లిఫయర్ అక్కడ రెట్టింపు పవర్ ఇవ్వాలి. 12 పెంచితే దాదాపు 16 రెట్లు. అంటే 5 వాట్లతో హాయిగా వినిపించే బేస్‌కు 80 వాట్లు కావాలి. నా ఆంప్లిఫయర్ సత్తాయే 50. అది ఇవ్వలేక తరంగం తల నరికి పంపుతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. ఆ నరికిన అంచుల్లో పుట్టే చెత్తంతా పోయి ట్వీటర్ నెత్తిన పడుతుంది. దానికి తోడు అతి సన్న శబ్దాలదైన 16 వేల హెర్ట్జ్ స్లైడర్ కూడా చివరికంటా లేపి ఉంచాను. మూలిగే నక్క మీద తాటికాయ.

ఆ నవ్వు బొమ్మకూ ఒక కారణం లేకపోలేదు. చిన్న వాల్యూమ్‌లో మన చెవికి బేస్ తక్కువగా ఆనుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. పాత ఆంప్లిఫయర్ల మీద లౌడ్‌నెస్ బటన్ ఉండేది అందుకే. రాత్రిపూట మెల్లగా వినేటప్పుడు కాస్త లేపితే తప్పులేదు. మనవాళ్లు లేపి, ఆ తర్వాత వాల్యూమ్ కూడా పెంచుతారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు సగం రోగం గదిది. 63 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు సుమారు 5.4 మీటర్లు, అంటే ఒక మోస్తరు గదంత. అది గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి ఒకచోట రెండింతలై గుయ్యిమంటుంది, ఇంకోచోట తనను తానే చంపుకుంటుంది. మీ కుర్చీ ఆ రెండో చోట పడిందా, స్లైడర్ ఎంత లేపినా దండగే. మీరు పెంచినంతా గోడ నుంచి వచ్చేదీ పెరుగుతుంది, మళ్లీ రెండూ కొట్టుకుపోతాయి. కుర్చీని రెండడుగులు ముందుకు జరపండి, అంతే. నా స్పీకర్లు మూలల్లో గోడకు ఆనించి ఉండేవి. అడుగున్నర ముందుకు లాగాక, ఇన్నాళ్లూ ఒకే మూలుగులా వినిపించిన బేస్ గిటార్‌లో ఒక్కో మీటు విడివిడిగా వినిపించింది. ఈక్వలైజర్‌ను ముట్టుకోనే లేదు.

ఆ తర్వాతే దాని పని. అన్నీ సున్నా మీద పెట్టాను. బాగా ఎరిగిన ఒక పాట వేసి, ఒక్కొక్క స్లైడర్‌నే పైకి తోసి ఎక్కడ చిరాకు పుడుతుందో వెతికాను. 250 హెర్ట్జ్ దగ్గర దొరికింది: గొంతు డబ్బాలో తల పెట్టి పాడినట్టు మోగింది. దాన్ని సున్నా కంటే 4 డెసిబెల్స్ కిందికి దించాను. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది! పెంచి కాదండీ, తగ్గించి. పోల్చేటప్పుడు మాత్రం బైపాస్ (ఈక్వలైజర్‌ను తప్పించి పాటను నేరుగా పంపే బటన్) నొక్కి, ఈక్వలైజర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ వాల్యూమ్ సమానం చేసుకోవాలి, లేకపోతే గట్టిగా వినిపించేదే బాగుందని చెవి మోసపోతుంది. పక్కపక్కనున్న మూడు స్లైడర్లను కలిపి లేపడం కూడా వద్దు. ఒకదాని ప్రభావం పక్కదాని మీదా పడుతుంది కాబట్టి మీరు అనుకున్నదానికంటే ఎక్కువే పెరుగుతుంది.

ఇప్పుడు నా పది స్లైడర్లలో ఎనిమిది సున్నా మీదే ఉన్నాయి. మా బావమరిది వచ్చినప్పుడల్లా చూసి "పాడైపోయిందా బావా?" అని అడిగి, నేను అలా లోపలికి వెళ్లేసరికి మళ్లీ నవ్వు బొమ్మ పెట్టేస్తాడు. ఈసారి వస్తే ముందు ఈక్వలైజర్ ఉన్న అల్మారా గాజు తలుపుకు తాళం వేస్తాను.